చాలు అనని అతిథి

గహ్వా ధార కప్పు అంచు దాటి ఆమె బొటనవేలి మీద పడింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వేలి మీదనుంచి మణికట్టుకు, అక్కడినుంచి గౌను చేతి లోపలికి కాఫీ కారుతూనే ఉంది. ఆమె కప్పు వైపు చూడటం లేదు. నా వైపూ చూడటం లేదు. నా భుజం పక్కన ఉన్న ఖాళీ గోడను చూస్తోంది. ఆరోజు నాకు మొదటిసారి భయం తగిలింది అప్పుడే. నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితం, చేతిలో పెన్ను. కాగితం మీద ఎనిమిది గీతలు గీసి, తొమ్మిదోది గీయబోతున్నాను. మా ఇద్దరి మధ్య రెండడుగుల దూరం కూడా లేదు.

ఆ రెండడుగులు నేను దాటలేకపోయాను.

ఆమె ఎవరో, నేనక్కడ కుర్చీలో ఎందుకు కూర్చున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మేము ఉండేది సౌదీలోని అల్ ఖర్జ్‌లో. మా ఆయన ఇక్కడ ఒక పాల ఫారంలో కూలింగ్ ప్లాంట్ టెక్నీషియన్. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివాక నాకు పెళ్లయింది, పెద్దదానికి రెండేళ్లప్పుడు ఇక్కడికి వచ్చాను. మొదటినుంచీ నేను కాస్త భయస్తురాలినే. రెండో కాన్పు తర్వాత ఆ భయం నన్ను పూర్తిగా మింగేసింది. గ్యాస్ కట్టేశానా అని మూడుసార్లు చూసేదాన్ని. లిఫ్టులో పిల్లవాడితో ఇరుక్కుపోతానని మెట్లు దిగేదాన్ని, మెట్ల మీద జారిపడతానని మధ్యలోనే ఆగి వెనక్కి ఎక్కేదాన్ని. ఆఖరికి ఇల్లు దాటడమే మానేశాను. చూపించుకున్న డాక్టరమ్మ మందులతో పాటు, వారానికి రెండు రోజులు ఒక గదికి వెళ్లమంది. అక్కడ ఒకామె మా చేత చిక్కుపడిన రంగు దారాలు విడదీయించేది, అల్లించేది, మధ్యలో ఏదో ఒక ఆట ఆడించేది. రెండు నెలలకు నేను ఒంటరిగా వీధి చివర బకాలాకు, అంటే కిరాణా కొట్టుకు, పోయి పెరుగు తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి ఆ డబ్బా టేబుల్ మీద పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఆమె చేసేదానికి ఒక చదువు ఉందని, దాన్ని రిక్రియేషనల్ థెరపీ అంటారని ఆమే చెప్పింది. జబ్బుపడ్డ మనిషికి ఇష్టమైన పని, ఆట, అలవాటు ఏదో పట్టుకొని దానితోనే చేతికి బలాన్ని, మనసుకు ధైర్యాన్ని తిరిగి తేవడం. ఇక్కడ పనిచేసే విదేశీయుల కుటుంబాలవాళ్లు కూడా చేరవచ్చని యూనివర్సిటీ ప్రకటిస్తే దరఖాస్తు పెట్టాను. సీటొచ్చింది.

ఊరికి ఫోన్ చేసి మా అమ్మకు చెప్పాను.

"ఆటలాడించేదానికి యూనివర్సిటీ యాల మే?" అంది. "మన వీధిలో పిల్లోల్లకు ఎవురు నేర్పించినారు ఆడుకునేది?"

మా ఆయనైతే నెల రోజులు పిల్లల ముందు ఒకటే మాట. "మీ అమ్మ అష్టాచెమ్మాలో పెద్ద పరీక్ష రాస్తాంది. సప్పుడు జెయ్యాకండి."

నవ్వుకున్నాం కానీ, ఆ చదువు అనుకున్నంత తేలిక కాదు. ఏ పనినైనా ముక్కలు ముక్కలుగా విడగొట్టి ఒక ఫారం నింపాలి. పువ్వులు గుచ్చడమే అనుకోండి. దానికి ఏ వేళ్లు కదలాలి, కన్ను ఎంత పట్టి చూడాలి, మనసులో ఎన్ని సంగతులు గుర్తుంచుకోవాలి, పక్కన మనుషులుంటే ఏమవుతుంది, అన్నీ వేరువేరు గళ్లలో రాయాలి. కింద ఇంకో రెండు గళ్లు. ఏమేం ప్రమాదాలు జరగవచ్చు, పనిని ఎవరు ఎలా ఆపుతారు.

ప్రమాదాల గడిలో నన్ను మించినవాళ్లు లేరు. సూది గుచ్చుకోవచ్చు, దారం వేలికి బిగుసుకోవచ్చు, పువ్వుల వాసనకు ఆయాసం రావచ్చు, పురుగు ఉండవచ్చు. నాకంటే పదేళ్లు చిన్నవాళ్లయిన సౌదీ అమ్మాయిలు రెండు వాక్యాలు రాసి వదిలేసే చోట నేను వెనక పేజీ కూడా నింపేదాన్ని. ఒకరోజు టీచరు నా ఫారం పైకి చదివి, పని అంటే ఇలా చెయ్యాలి అంది. నా భయం ఒకరికి పనికొస్తుందని ముప్పయ్యేళ్లకు మొదటిసారి తెలిసింది. ఆరోజు ఇంటికొచ్చి గ్యాస్ ఒక్కసారే చూశాను.

మూడో సెమిస్టర్‌లో నన్ను ఒక ఆస్పత్రి ఆడవాళ్ల వార్డుకు పంపారు. పక్షవాతం వచ్చినవాళ్లకు, ఆపరేషన్లయినవాళ్లకు నడకా పనీ మళ్లీ నేర్పే వార్డు. అక్కడ నాకు అప్పగించిన మనిషి ఈ పెద్దామె. డెబ్భై దాటాయి. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు బలం తప్పాయి. మాట మాత్రం నిలిచింది. కానీ ఎవరితోనూ మాట్లాడేది కాదు. రబ్బరు బంతి చేతిలో పెడితే పక్కన పెట్టేది. రంగు చక్కలు కర్రకు తొడగమంటే మొహం తిప్పుకునేది. "నేను చంటిపిల్లనా?" అందట ఒకసారి.

అందట అని ఎందుకంటున్నానంటే ఆమె అరబిక్ నాకు సగం అర్థమయ్యేది కాదు. అది నాకు తెలుగులో చెప్పింది ఆమె వెంట ఉండే మనిషి. ఆ ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఉన్న పనిమనిషి, ఇక్కడి మాటలో ఖద్దామా. ఆస్పత్రిలోనూ పగలూ రాత్రీ ఆమే తోడు. మొదటి రోజు నేను వరండాలో మా ఆయనతో ఫోన్లో మాట్లాడుతుంటే వెనకనుంచి వచ్చి, "మీది కడప పక్కనామ్మా? మాది రాయచోటి" అంది. నేను అప్పటినుంచీ అక్కా అనే పిలిచేదాన్ని. భర్త లేడు. కూతురు రాయచోటిలోనే డిగ్రీ రెండో సంవత్సరం. ఆ పిల్ల హాల్ టికెట్ ఫొటో ఫోన్లో తెరిచి నాకు రెండుసార్లు చూపించింది, చూపించానని మర్చిపోయి మూడోసారి కూడా.

పెద్దామెను ఏం చేస్తే కదిలించవచ్చో చెప్పింది కూడా ఆ అక్కే.

"ఈమె ఇంట్లో తలుపు మూసేది నేను సూడలేదమ్మా. పొద్దన లేస్తే జనం. ఎవురొచ్చినా గహ్వా ఈమే పొయ్యల్ల, ఇంకొకరిని ముట్టనీదు. ఇప్పుడు కోడండ్లు పోస్తాండారు. ఈ వార్డుకు రాకముందు ఇంట్లో ఉన్నన్నాళ్లూ, సుట్టాలు వస్తానే ఈమె లోపలి గదిలో గోడ పక్క తిరిగి పండుకుంటాండె."

నేను ఆ రాత్రంతా ఫారం నింపాను. ఇక్కడివాళ్లు గహ్వా పోసేటప్పుడు కొమ్ముచెంబులాంటి ఆ దల్లాను ఎడమచేత్తో పట్టుకుంటారు. పిడి లేని చిన్న కప్పును కుడిచేత్తో అందిస్తారు. ఎడమచేత్తో అందించడం మర్యాద కాదు. పెద్దామె ఎడమ చెయ్యి గట్టిగానే ఉంది. బలం రావలసింది కుడిచేతికి. కప్పు బరువు ఎంత? ఉల్లిపాయంత కూడా ఉండదు. ఆమె పరువు కోసం చేసే పనిలోనే ఆమె చేతికి కావలసిన కసరత్తు ఉంది. నేను సంతోషంతో మా ఆయన్ను లేపి చెప్పాను. ఆయన కళ్లు తెరవకుండానే, "మంచి పని, లైట్ తీసెయ్" అన్నాడు.

ప్రమాదాలు నాలుగు రాశాను. కాఫీ వేడి, అందుకని గోరువెచ్చగా చల్లార్చాలి. నేల తడి, అందుకని జారని పట్టా పరవాలి. కప్పు పగలడం, అందుకని దళసరి కప్పులు. గొంతులో పడటం, అందుకని ఆమె తాగకూడదు, అతిథిగా నేనే తాగుతాను. ఎవరు ఎలా ఆపుతారు అన్న గడిలో ఒకే ముక్క రాశాను: అలసిపోతే రోగి చెబుతుంది. మా క్లినికల్ సూపర్‌వైజర్, జోర్డాన్ దేశస్తురాలు, అంతా చదివి సంతకం పెట్టింది.

ఆ రోజు పెద్దామె కళ్లకు కాటుక పెట్టించుకుంది. ఇంటినుంచి తన దల్లానే తెప్పించుకుంది. పదకొండు గంటలకు మొదలుపెట్టాం. ఇంతలో పక్క గదినుంచి పిలుపొచ్చి సూపర్‌వైజర్ లేచింది. "పది నిమిషాల్లో వస్తాను. అందాకా కూర్చోబెట్టే పోయించు" అని నాతో ఇంగ్లీషులో చెప్పి వెళ్లింది.

ఆమె తలుపు దాటగానే పెద్దామె కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేచి నిలబడింది. పడిపోకుండా ఆమె నడుముకు కట్టిన బెల్టును అక్క వెనకనుంచి గబుక్కున పట్టుకుంది.

"కూసోని పోస్తే వచ్చినోల్లను పొమ్మన్నట్టంట" అంది అక్క నాతో. "మూడు నెల్ల తర్వాత నిలబడతా అంటాంది. ఏం జేద్దామమ్మా?"

కూర్చోమనాల్సింది. కానీ ఆ మొహం చూశాక అనలేకపోయాను. నేను వచ్చిన మూడు వారాలుగా గోడనే చూసిన ఆ కళ్లు ఆరోజు అతిథి ఎక్కడ కూర్చుంటుందా అని వెతుకుతున్నాయి. నేను ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. మొదటి కప్పు సగం పట్టా మీదే పోయింది. రెండోది పావు. మూడోది చుక్క తొణకకుండా నా చేతికి వచ్చింది. నేను కాగితం మీద గీతలు గీసుకుంటున్నాను. ఎన్నిసార్లు పోసిందో, ఎన్ని తొణికాయో రాసుకోవడం నా పని.

అప్పుడు పెద్దామె అక్కతో ఏదో విసుగ్గా అంది. అక్క నవ్వింది. "ఖర్జూరాలు యాడ అని అడుగుతాంది. ఉత్త గహ్వా ఇచ్చి పంపిస్తే రేపు అందరికీ చెప్తావంట నువ్వు."

"నర్సుల గదిలో డబ్బా ఉందక్కా. తెస్తావా?"

"బెల్టు ఎవురు పట్టుకుంటారు?"

"నేను చూసుకుంటాలే, పోయి రా."

అక్క వెళ్లింది. నేను లేవబోయాను. పెద్దామె దల్లా పట్టుకున్న చేతినే ఎత్తి, గట్టిగా, కూర్చో అని సైగ చేసింది. అతిథి లేచి నిలబడితే ఇంటావిడకు చిన్నతనం. నేను కూర్చున్నాను. అక్క వస్తుంది కదా, ఒక్క నిమిషమే కదా అనుకున్నాను. నర్సుల గదిలో ఎవరూ లేరని, డబ్బా కోసం ఆమె వరండా చివరిదాకా వెళ్లాల్సొచ్చిందని తర్వాత తెలిసింది.

నాలుగు. అయిదు. ఆరు. కప్పులో అడుగున రెండు గుక్కలే పోస్తారు. నేను తాగి తిరిగి ఇస్తాను, ఆమె నింపి నా చేతిలో పెడుతుంది. మా ఇంట్లో పెద్దవాళ్లు వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టకూడదు. మా జేజి ముందు, అంటే మా నాయనమ్మ ముందు, నేను ఎప్పుడూ వద్దు అనలేదు. కడుపు పగిలినా విస్తరి ముందు కూర్చోవలసిందే. ఇప్పుడూ అలాగే కూర్చున్నాను. పైగా ఆ పూటకు అయిదుసార్లు అని లక్ష్యం రాసుకున్నాం, ఆమె ఎనిమిదికి వచ్చింది. నాకు లోపల గర్వంగా ఉంది. దాచుకోవడం ఎందుకు, సూపర్‌వైజర్ వచ్చేసరికి పది అయితే బాగుండును అని కూడా అనిపించింది.

తొమ్మిదోసారి కాఫీ ఆమె వేలి మీద పడింది.

నేను లేచాను. అట్ట జారిపడింది. దల్లా ముందు పడింది, ఆ వెంటనే ఆమె పక్కకు ఒరిగి మంచం వైపు కూలిపోయింది. రెండు చప్పుళ్లు విన్నాను. ఒకటి దల్లాది. రెండోది మంచం కడ్డీకి భుజం తగిలిన చప్పుడో, తల తగిలిన చప్పుడో నాకు తెలియదు. ఆమె రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతోంది. తలకు చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తం ఊరుతూ పోతుందని మాకు మొదటి సెమిస్టర్‌లోనే చెప్పారు. నేను మోకాళ్ల మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని తెలుగులో జేజీ, జేజీ అని పిలుస్తున్నాను. తలుపు దగ్గర ఖర్జూరాల పళ్లెంతో అక్క నిలబడి ఉంది. నాకంటే ముందు ఆమే తేరుకుని నర్సును కేకేసింది.

స్కానింగ్‌కు తీసుకుపోయారు. మధ్యాహ్నం పెద్దామె కూతురు వచ్చింది. వరండాలో మేమిద్దరం గోడకు ఆనుకుని ఉన్నాం. నేను తెల్లకోటులో ఉన్నాను, అక్క నల్ల అబాయాలో ఉంది. ఆ కూతురు నన్ను చూడనేలేదు. నేరుగా అక్క ముందు ఆగింది.

"ఎక్కడున్నావు?"

"బయట, మామా." ఇక్కడ పనిచేసేవాళ్లు ఇంటావిడలను అలాగే పిలుస్తారు.

"ఎందుకు?"

అక్క తల దించుకుంది. ఆ మాత్రం అరబిక్ నాకు వచ్చు. నేను పంపించాను అనడానికి ఒక్క మాట చాలు, ఆ మాటా వచ్చు. అయినా అనలేదు. ఆ కూతురు పెద్దగా అరవలేదు. అరిచి ఉంటే నేను బెదిరి చెప్పేసేదాన్నేమో. ఆమె అలసటగా, "రేపు అన్నయ్యతో చెబుతాను. నీకు ఖురూజ్ వేయిస్తాం" అంది. ఖురూజ్ అంటే ఇక్కడ అందరికీ తెలుసు. పాస్‌పోర్టు మీద ఆఖరి వీసా, ఇంక తిరిగి రాలేవు. అక్క ముఖం నేను చూడలేదు. చూడటానికి ధైర్యం లేదు.

సూపర్‌వైజర్ నన్ను పక్కకు పిలిచి, జరిగిన ఘటన మీద రిపోర్టు రేపు ఉదయం ఏడు గంటలకు తన చేతికి రావాలి అంది. "జరిగింది మాత్రమే రాయి. తోడు మనిషి గదిలో లేదు. రోగి నిలబడింది. రోగి పడింది. ఎందుకు జరిగిందని అనుకుంటున్నావో అడిగే గడి ఖాళీగా వదిలెయ్." పెన్ను మూత పెట్టబోయి రెండుసార్లు తప్పింది ఆమెకు. గదిలో లేనిది తను కూడా. భయం నా ఒక్కదానిదే కాదని అప్పుడు అర్థమైంది. దానివల్ల నాకు ధైర్యం ఏమీ రాలేదు, ఇంకా భయం వేసింది.

సాయంత్రం మగ్రిబ్ నమాజు వేళకు కబురు వచ్చింది. ఎముక విరగలేదు. తలలో ఇప్పటికి ఏమీ కనబడలేదు, తెల్లవారి మళ్లీ స్కాన్ తీస్తారు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పాను. ఆయన కుళాయి కట్టెయ్యడం మర్చిపోయాడు.

"నువ్వేమన్నా తోసినావా?"

"లేదు."

"మరి యాల వణుకుతాండావు? సూపర్‌వైజరే చెప్పె గదా ఎట్ల రాయల్లో. అట్లే రాయి."

"రాస్తే అక్కను పంపించేస్తారు."

"ఇట్ల సూడు మే. ఈడ ఉండేదానికి ఇఖామా నాది. నా కింద మీరు ముగ్గురు. రేపు వాళ్లు కేసు పెడితే పోయేది నువ్వొక్కదానివే కాదు, నలుగురం. ఆమెకు ఇంకో ఇల్లు దొరుకుతాది."

"ఖురూజ్ కొట్టినాక ఇంకో ఇల్లు యాడ దొరుకుతాది?"

ఆయన కుళాయి కట్టేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. నేను ఇల్లు దాటని రోజుల్లో డ్యూటీ దిగి వచ్చి పిల్లవాడి గుడ్డలు ఉతికిన మనిషి. భయపడితే గొంతు కటువుగా అవుతుంది, అంతే.

ఫోన్లో రిపోర్టు మొదలుపెట్టాను. పడిన సమయంలో తోడు మనిషి గదిలో లేదు అని రాశాను. ఆయన వచ్చి భుజం మీదనుంచి చదివాడు.

"ఇందులో అబద్ధం ఏముంది?"

"ఏమీ లేదు."

"మరి?"

ఆ వాక్యంలో ప్రతి మాటా నిజం. అన్నీ కలిపి చదివితే రాయచోటి ఆడమనిషి ఒకతె పని వదిలేసి తిరగడానికి పోయింది అని వినబడుతోంది.

నేను అక్కకు ఫోన్ చేశాను. గుసగుసగా మాట్లాడింది.

"పండుకోనుందమ్మా పెద్దామె. నీళ్లడిగి తాగింది. కాలు నొక్కేది రాదా నీకు అని నన్ను తిట్టింది గూడా. తిట్టిందంటే బాగుండాదిలే, నువ్వు భయపడాకు."

"నేను పంపినానని ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే ఏమొస్తాది? ఇద్దరం పోతాం. నువ్వు సదువుకునే దానివి. పిల్లోల్లు ఉండారు."

"నీకూ ఉంది గదా కూతురు."

"ఉంది" అంది. "దానిది ఇంకా ఒక సంవత్సరం ఉంది." అంతలోనే గొంతు మార్చి, "అది సరేగానీ, నువ్వు కప్పు యాల ఊపలేదమ్మా?" అంది.

"కప్పు ఊపడమేందక్కా?"

"అయ్యో, నీకు తెలీదా? చాలనుకుంటే కప్పు ఇట్ల రెండుసార్లు అల్లాడించి ఇయ్యల్ల. అల్లాడించకుండా ఇస్తే ఇంకా పొయ్యమని. వచ్చినోల్లు కప్పు ఊపేదాకా పోసే మనిషి కూసోగూడదు. నువ్వు ఇస్తానే ఉంటివి, ఆమె పోస్తానే ఉండె. ఆరేండ్లాయె ఈ దేశానికొచ్చి, ఒక్క ఇంట్లో గూడా గహ్వా తాగలేదా నువ్వు?"

తాగలేదు. ఆరేళ్లలో ఒక్క సౌదీ ఇంటి గడప తొక్కలేదు. మా బిల్డింగు, ఇండియన్ స్కూలు, కూరగాయల మార్కెట్, తర్వాత యూనివర్సిటీ. గహ్వా గురించి నాకు తెలిసింది వీడియోలు చూసి. ఏ చేత్తో పట్టుకోవాలో చూశాను, ఎక్కడ ఆపాలో చూడలేదు. ఆ పెద్దామె అలసిపోయి ఉంటుంది, కాళ్లు వణికి ఉంటాయి, కళ్లు చీకట్లు కమ్మి ఉంటాయి. కానీ ఎదురుగా కూర్చున్న అతిథి ఇంకా కావాలి, ఇంకా కావాలి అని కప్పు చాపుతోంది. ఆ అతిథిని నేనే. ఆమె పెద్దదని నేను వద్దనలేదు, నేను అతిథినని ఆమె ఆపలేదు. అలసిపోతే రోగి చెబుతుంది అని ఫారంలో రాసిందీ నేనే. దారానికీ పురుగుకూ భయపడిన నేను మర్యాదకు భయపడాలని అనుకోలేదు.

పిల్లలు తిని పడుకున్నాక రాసిందంతా చెరిపేశాను. ఖాళీగా వదిలెయ్యమన్న గడినే ముందు నింపాను. కూర్చోబెట్టమని చెప్పినా నిలబడనిచ్చాను. తోడు మనిషిని గదినుంచి నేనే పంపాను. బెల్టు ఎవరు పట్టుకుంటారని ఆమె అడిగింది, నేను చూసుకుంటానన్నాను, చూసుకోలేదు. ఇక్కడి ఆచారం తెలుసుకోకుండా ఈ పని ఎంచుకున్నాను. అలా ఒక్కొక్క వాక్యం రాసేటప్పుడు చదువు పోయినట్టు, ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు, ఎయిర్‌పోర్టులో పిల్లలు అట్టపెట్టెల మీద కూర్చున్నట్టు కళ్లముందు కనబడుతూనే ఉంది. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు బాంగు వినబడ్డాక పంపించాను. పంపేముందు మా ఆయనకు చూపించలేదు. పంపాక చూపించాను. ఆయన చదివి, ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టి, లేచి మొహం కడుక్కున్నాడు.

ఆరు గంటలకు సూపర్‌వైజర్ దగ్గరనుంచి జవాబు. "ఏడున్నరకు రా. రోగి కూతురు కూడా ఉంటుంది." అంతే. స్కాన్ సంగతి లేదు. ఆ సంగతి ఎందుకు రాయలేదా అని ఆ రెండు వాక్యాలే మళ్లీ మళ్లీ చదివాను.

"నేను గూడా వస్తా" అన్నాడు మా ఆయన. "లోపలికి రానీరులే. బయట బండిలో కూసోనుంటా. డ్యూటీకి లేటని చెప్తి."

పిల్లలు ఇడ్లీ ముందు కూర్చున్నారు. పెద్దది ఎనిమిదేళ్ల పిల్ల, స్కూలు బట్టల్లో ఉంది. చిన్నవాడికి నాలుగేళ్లు. వాడు రోజూ అడిగేదే అడిగాడు. "ఈరోజు యా ఆట ఆడిస్తావుమా ముసలామెతో?"

నేను వాళ్ల ఎదురుగా కూర్చున్నాను. ముందుగా ఏమీ అనుకోలేదు. నోటికి వచ్చినట్టే చెప్పాను.

"ఈరోజు ఆట లేదు నాయనా. నిన్న నా దగ్గర ఆ జేజి కిందపడింది. ఆమెను పట్టుకోనుండే ఆమెను నేనే బయటికి పంపిస్తి. ఇప్పుడు అందరూ ఆమె తప్పనుకుంటాండారు. తప్పు నాది. ఆ మాట ఆ జేజి కూతురికి చెప్పేదానికి పోతాండా."

"కొడతారా నిన్ను?" అన్నాడు చిన్నోడు.

"కొట్టరు. కోపం చేస్తారు. చదువు మానుకోమని గూడా అనొచ్చు."

"నీకు భయమైతాందా?" పెద్దది అడిగింది. అది నా చేతులనే చూస్తోంది.

"అవును మే, చానా భయంగా ఉంది. జేజికి ఎట్లుందో నాకింకా తెలీదు. సాయంత్రం నేను ఏడుస్తా కనపడితే, మనమేం చేసినామో అని మీరిద్దరూ అనుకోవద్దండి. అది మీ వల్ల కాదు."